బావమరిది చేతిలో తాడు

కుంభినీపురం నడివీధిలో, పట్టపగలు, పదిహేడుమంది భటులు తరుముతుండగా కోనప్ప చిల్లులు పడ్డ ఇత్తడి బిందెల గుట్ట మీదికి ఎగబాకుతున్నాడు. అతను చేసిన నేరం ఏమిటయ్యా అంటే, రాజుగారి పేర ఇచ్చిన గొడుగును వద్దన్నాడు.

నవ్వకండి. ఆ ఊళ్ళో దానికి శిక్ష శిరచ్ఛేదం. పన్నెండేళ్ళుగా ఆ నగరంలో ఇచ్చినదాన్ని వద్దన్నవాడు లేడు. అనాలని చాలామందికి నోటిదాకా వచ్చేది, అది వేరే సంగతి.

కోనప్ప కాలు పెట్టగానే గుట్ట కదిలింది. వెయ్యి బిందెలు ఒక్క పెట్టున వీధిలోకి దొర్లాయి. ముందున్న అయిదుగురు భటులు వాటితోబాటు దొర్లుకుంటూ పోయి విరిగిన కొయ్యనెమళ్ళ రాశిలో తలకిందులుగా కూరుకుపోయారు. కోనప్ప మాత్రం పక్కింటి చూరు అందుకుని మిద్దె మీదికి లేచాడు. భుజాన అడ్డతీగ నారతో పేనిన తాడు చుట్ట, నడుముకు తేనె నింపిన సొరకాయ బుర్ర. నిట్టనిలువు కొండచరియల మీద తేనెపట్లు కోసుకుని బతికేవాడికి మిద్దెలు ఒక లెక్కా? ఒకదాని మీదినుంచి ఇంకోదాని మీదికి దూకుతూ పోతున్నాడు. ఆ మిద్దెల మీదే జనం సంసారాలు చేస్తున్నారు. ఇళ్ళ లోపల పాత సామాను కప్పుదాకా నిండిపోతే పాపం వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు?

"కాస్త తప్పుకోమ్మా" అంటూ ఒక ఇల్లాలి పప్పు కుండ మీదుగా దూకాడు.

"మెల్లగా నాయనా, చంటిది ఇప్పుడే పడుకుంది" అంది ఆవిడ. వెనకాల వచ్చిన భటులకు మాత్రం ఆవిడ దారి ఇవ్వలేదు. గరిటె అడ్డం పెట్టి, "ముందు నా ఇంట్లో విరిగిన మంచాలు నూటపది ఉన్నాయి, అవి మోసుకుపోయి తరువాత దొంగల్ని పట్టండి" అంది.

ఈ వైభోగానికంతటికీ మూలం నగరం నట్టనడుమ నిలబడ్డ సర్వదాయినీ యంత్రం. దాన్ని వర్ణించడానికి నాకు మనసు ఒప్పడం లేదు గానీ, వర్ణించకపోతే కథ కదలదు. ఏడు కోటలంత పొడవు. తూర్పున వెయ్యి ఇనుప కోరల నోరు. పడమట పగడాల తోరణాలు కట్టిన, పచ్చలు పొదిగిన, పన్నీరు చిలకరించిన మహాద్వారం. నడుమ నూరు బారల ఎత్తున ఆకాశంలోకి దూసుకుపోయిన ధూమస్తంభం. దాని పొగకు కుంభినీపురంలో సూర్యుడు తోమని రాగిపళ్ళెంలా కనిపించేవాడు. తూర్పు నోట్లోకి కొండలు, అడవులు, ఏరులు పోయేవి. పడమటి ద్వారంలోంచి గొడుగులు, చెప్పులు, బిందెలు, అద్దాలు, తలపాగాలు, కొయ్యనెమళ్ళు ఉరుకుతూ వచ్చేవి. అన్నీ ఊరికే. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, తీసుకోవడమే తరువాయి.

దాన్ని నిర్మించినవాడు ఘర్ఘరుడనే మాంత్రికుడు. మొదటిరోజు బయటపడ్డ బంగారుపూత విసనకర్రను చూసి ప్రమోదసేన మహారాజు మురిసి ముక్కలై "ఇంకోటి" అన్నాడట. ఆ ఇంకోటి ఇప్పటిదాకా ఆగలేదు. అందులో ఒక కిటుకు ఉంది. పొద్దున పుట్టిన సరుకు పొద్దుగూకేసరికి పాడైపోవాలి. చెప్పులు తెగుతాయి, బిందెలు చిల్లులు పడతాయి, నెమళ్ళ మెడలు ఊడతాయి. పాతది పాడైతే కదా కొత్తది ఇవ్వడం, అన్నది ఘర్ఘరుడి శాస్త్రం. తన యంత్రాన్ని మాత్రం చేయి తిరిగిన కమ్మరులతో ఏళ్ళ తరబడి కొట్టించాడు, దొంగ.

దాంతో ఏమైందంటే కుమ్మరికి సారె తిప్పడం మరుపొచ్చింది, సాలెకు మగ్గం మరుపొచ్చింది. ఊరంతా మోతగాళ్ళయ్యారు. పొద్దున పడమటి ద్వారంనుంచి ఇంటికి మొయ్యాలి, సాయంత్రం ఇంటినుంచి కందకానికి మొయ్యాలి. కందకం ఏనాడో నిండింది. నగరం పక్కన గలగలా పారిన మంజులానది మూడేళ్ళ కిందట తూర్పు నోట్లోకి పోయి, పడమట నిలువుటద్దాలై వచ్చింది. దాహమేసినవాళ్ళు అద్దంలో నాలుక చూసుకునేవారు.

ఇప్పుడు వంతు పెరలకొండది. అది కోనప్ప పుట్టిన కొండ. పదిరోజుల కిందట ఘర్ఘరుడి మనుషులు వచ్చి కొండ కింద చక్రాలు దూర్చి, నడుముకు గొలుసులు బిగించి, ఉన్నదాన్ని ఉన్నట్టు లాక్కొచ్చారు. దాని మీద నలభై గడపలు ఉన్నాయి. కోనప్ప తల్లి, అన్నలు, మేకలు, తేనెటీగలు అన్నీ దాని మీదే. దిగిపొమ్మంటే వాళ్ళు దిగలేదు. దిగి ఎక్కడికి పోతారు? కొండ ఇవాళ పొద్దున తూర్పు వాలుకు చేరింది. చక్రాల కింద దిమ్మలు అడ్డం పెట్టి ఆపారు. మధ్యాహ్నపు విరామం కాగానే దిమ్మలు తీస్తారు, కొండ జారి కోరల్లోకి పోతుంది. రాజుగారి కాళ్ళమీద పడి ఆపించుకుందామని కోనప్ప ముందుగా పరుగెత్తుకు వచ్చాడు. గోడు అంతా విని ద్వారపాలకుడు ఒక గొడుగు చేతికిచ్చాడు. "గొడుగు వద్దయ్యా, మా కొండ మాకు వదిలెయ్యండి" అన్నాడు కోనప్ప. ఆ తరువాత బిందెల సంగతి మీకు తెలిసిందే.

చివరి మిద్దె మీదినుంచి కోనప్ప రాజోద్యానం ప్రహరీ మీదికి దూకాడు. ప్రహరీ మీది పెంకులు నిన్నటివి. పుటుక్కున విరిగాయి. కోనప్ప తలకిందులుగా తోటలో పడ్డాడు.

ఆహా, ఏమి తోట అది! వెండిరేకుల మల్లెలు, రాగికొమ్మల పారిజాతాలు, గాజు తామరలు, తగరపు తుమ్మెదలు. వాసన ఒక్కటే లేదు. నడుమ జరీతాళ్ళ ఉయ్యాలలో రాకుమారి హేలావతి కూర్చుని ఉంది. ఆమె కళ్ళ వెలుగు ముందు ఆ తోటలోని మణులన్నీ వెలవెలబోతున్నాయి. పక్కన దిండ్ల గుట్ట మీద ఆమె కవల తమ్ముడు, కాబోయే మహారాజు, సుకుమారసేనుడు వెల్లకిలా పడుకుని అరిసె కొరుకుతున్నాడు. అక్క ఒక ఘడియ ముందు పుట్టింది. ఆ ఘడియ తొందర ఆమెను ఇంకా వదల్లేదు, ఆ ఘడియ బద్ధకం ఇతన్ని ఇంకా వదల్లేదు.

"నా మల్లెలు విరగ్గొట్టావు" అంది హేలావతి. "పరవాలేదులే, సాయంత్రానికి అవే విరిగేవి. ఎవరు నువ్వు?"

"కోనప్పనమ్మా, పెరలకొండవాణ్ణి. భటులు వెంటపడ్డారు. గొడుగు వద్దన్నానని."

హేలావతి ఉయ్యాల ఆపింది. "వద్దన్నావా? నోటితోనే?"

ఇంతలో తోట వాకిలి దగ్గర ఈటెలు గణగణలాడాయి. ఆమె కోనప్ప మెడ పట్టి దిండ్ల కిందికి తోసింది. తమ్ముడు లేవబోతే, "నువ్వు కదలకు, ఎప్పటిలాగే ఉండు" అంది. పాపం అతనికి అంత తేలికైన పని ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

భటనాయకుడు వచ్చి వంగి దండం పెట్టాడు. "తల్లీ, ఇటు ఒక దొంగ వచ్చాడా?"

"వచ్చాడు. గొడుగు కావాలి, గొడుగు కావాలి అని ఏడుస్తూ ఉత్తరం గోడ దూకి పోయాడు."

"కావాలనా?" భటనాయకుడు గడ్డం గోక్కున్నాడు. "అయితే వాడు మావాడు కాదు తల్లీ. మావాడు వద్దన్నవాడు." మళ్ళీ దండం పెట్టి, మందను వెంటబెట్టుకుని దక్షిణంగా పరుగెత్తాడు.

దిండ్ల కిందినుంచి కోనప్ప సగం ఊపిరితో బయటికి వచ్చాడు. కొండ సంగతంతా చెప్పాడు. "దొరసానీ, మా అమ్మ చెట్టు దిగనంటే దిగదు, కొండ దిగుతుందా? అందరూ దానితో పోతారు" అన్నాడు.

హేలావతి ఉయ్యాల దిగింది. "విను. దాసీ వేషం వేసుకుని నేను మూడు నెలలు ఘర్ఘరుడి ఇంట్లో పాచిపని చేశాను. ఆ యంత్రం చక్రాలతో నడవడం లేదు. లోపల, సరిగ్గా ధూమస్తంభం కింద, గుటకాసురుడనే భూతాన్ని సంకెలవేసి కూర్చోబెట్టాడు. వాడు మింగితేనే కోరలు కదులుతాయి. వాణ్ణి తప్పిస్తే యంత్రం ఆగుతుంది. తలుపులన్నిటికీ మంత్రబంధం ఉంది. ఒక్క స్తంభం నోటికే లేదు, దాంట్లోకి దిగే పిచ్చివాడు ఉంటాడని ఘర్ఘరుడు అనుకోలేదు. మధ్యాహ్నం రెండు ఘడియలు మంటలార్పి మసి గీకిస్తారు. అప్పుడు దిగాలి. నూరు బారల లోతు. దిగగలవా?"

కోనప్పకు ప్రాణం లేచి వచ్చింది. "దిగడమా? మా తాత తొట్టెలోంచి దిగింది మొదలు దిగుడే దిగుడు. తాడుంది, తేనె ఉంది." అంతలోనే ముఖం వాడిపోయింది. "కానీ కుదరదు దొరసానీ. నాకు బావమరిది లేడు."

"బావమరిది ఎందుకు?"

"తాడు పట్టడానికి. మా కొండ మీద తాడు బావమరిదే పట్టాలి. అన్న పట్టకూడదు, పొలం పంపకాల్లో మనసులో ఏదైనా ఉంటుంది. స్నేహితుడు పట్టకూడదు, తేనె వాటా దగ్గర చెయ్యి వదులవుతుంది. బావమరిది మాత్రం వదలడు. వదిలితే అతని అక్క బతుకే కదా బుగ్గయ్యేది. బావమరిది కాక ఇంకెవరు తాడు ముట్టినా మావాళ్ళు దిగరు. నాకింకా పెళ్ళి కాలేదు."

తోటలో ఒక తగరపు తుమ్మెద ఊడి కింద పడింది. హేలావతి తమ్ముడివైపు చూసింది. తమ్ముడు అరిసె నమలడం ఆపాడు.

"అక్కా, ఆ చూపు నాకు నచ్చలేదు."

"మీ కొండ మీద పెళ్ళికి ముహూర్తాలు, మేళాలు అవీ కావాలా?" అని అడిగింది హేలావతి.

"ఒకే ఆకులో తేనె పోసుకుని ఇద్దరూ నాకితే పెళ్ళే. కానీ దొరసానీ, తాడు కోసం పెళ్ళాడితే అది నీకు అన్యాయం."

"తాడు కోసమని ఎవరు చెప్పారు? ఇరవైమంది రాకుమారులు వచ్చారు నన్ను అడగడానికి. ఒక్కొక్కడూ ఏడు తలపాగాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, మెడ తిప్పలేక, సర్వదాయినిని పొగుడుతూ కూర్చున్నాడు. నడివీధిలో వద్దని చెప్పినవాణ్ణి నేను ఇవాళే చూశాను. బుర్ర విప్పు."

తోటలో ఆకు దొరకలేదు. అన్నీ రేకులే. చివరికి ఆమె అరచేతిలో పోసుకున్నారు. కోనప్ప నాకాడు, హేలావతి నాకింది, ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి. అంతే, కుంభినీపుర రాజకుమారి వివాహం అయిపోయింది. నాకు తెలిసిన రాజవివాహాల్లో ఇంత తొందరగా అయినది ఇంకొకటి లేదు.

"నాన్నగారికి చెప్పొద్దా?" అన్నాడు సుకుమారసేనుడు నీరసంగా.

"చెబితే కానుకగా గొడుగులిస్తారు. లే, నీ బావకు తాడు పట్టాలి."

తాడు దగ్గర చిక్కు వచ్చింది. కోనప్ప అడ్డతీగ తాడు అరవై బారలే. సుకుమారసేనుడు పరుగెత్తుకుపోయి (అతను పరుగెత్తడం చూసి కాపలా కుక్క భయపడి మొరిగింది) ఉయ్యాలకు కట్టిన బంగారు జరీతాడు విప్పుకొచ్చాడు. ధగధగలాడుతోంది. సర్వదాయిని పొద్దున్నే కన్నది. కోనప్ప దాన్ని గోటితో గీకి చూశాడు. "పొద్దుగూకేదాకా ఉంటుందా ఇది?"

"ఒక్క మనిషి బరువైతే ఉంటుంది బావా" అన్నాడు సుకుమారసేనుడు. బావా అన్న మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయాడు. రెండు తాళ్ళనూ ముడేశారు. అడ్డతీగ కింద, జరీ పైన.

తరువాత ముగ్గురూ ఒళ్ళంతా మసి పూసుకుని, గోచులు బిగించి, హేలావతి జుట్టు ముడిచి పాగా చుట్టి, మసి గీకే కూలీల వేషంలో ధూమస్తంభం మొదట్లోకి వచ్చారు. అక్కడి కావలివాడు కోనప్ప ముఖంలోకి ముఖం పెట్టి చూశాడు.

"ఇవాళ్టి కానుక పుచ్చుకున్నారా?"

కోనప్ప గొంతులో వద్దు అన్న మాట మెదిలింది. హేలావతి అతని కాలు తొక్కింది. "లేదయ్యా, మీ చేతుల మీదుగా ఇప్పించండి" అంది మగగొంతుతో. మనిషికి మూడేసి చొప్పున తొమ్మిది గొడుగులు చేతికొచ్చాయి. వాటిని చంకల్లో ఇరికించుకుని, స్తంభానికి చుట్టూ తిరిగే ఇనుపమెట్లు ఎక్కసాగారు. నూరు బారలు. ఇరవయ్యో బార దగ్గర సుకుమారసేనుడు తన సింహాసనం హక్కు వదులుకుంటానన్నాడు. అరవయ్యో బార దగ్గర ప్రాణాలు వదులుకుంటానన్నాడు. పైకి చేరాక మాట్లాడటానికి ఊపిరి లేదు గనక ఏమీ వదులుకోలేదు.

పైనుంచి చూస్తే కుంభినీపురం ఒక పెద్ద పెంటకుప్ప. దాని చుట్టూ ఎటు చూసినా నున్నగా గొరిగిన నేల. తూర్పు వాలు మీద ఒక్కగానొక్క పచ్చని ముద్ద, పెరలకొండ. దాని మీద సన్నగా వంటపొగలు లేస్తున్నాయి. కోనప్ప కళ్ళు తుడుచుకున్నాడు. మసి కళ్ళలో పడింది.

స్తంభం నోటికి అడ్డంగా ఒక ఇనుప దూలం ఉంది. తాడును దాని మీదుగా రెండు చుట్లు తిప్పి కొస సుకుమారసేనుడి నడుముకు బిగించారు. "ఒకసారి గుంజితే దించు. రెండుసార్లయితే ఆపు. మూడయితే లాగు. ఇంకెవరినీ తాడు ముట్టనివ్వకు, అక్కను కూడా" అని చెప్పి కోనప్ప చీకట్లోకి దిగిపోయాడు.

అతనికి అది చరియ దిగినట్టే ఉంది, ఒక్క తేనెటీగలే తక్కువ. గోడల వేడి ఇంకా చల్లారలేదు. అరికాళ్ళు చురుక్కుమంటుంటే గంతులేస్తూ దిగాడు. నూరో బారలో కాలికి నేల తగిలింది. ఎదురుగా గుటకాసురుడు.

పర్వతంలాంటి బొజ్జను చూస్తాననుకున్నాడు కోనప్ప. తాటిచెట్టంత పొడవున, చీపురుపుల్లంత సన్నగా, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఒక భూతం మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్ళకు గంతలు. గొంతు కిందినుంచి ఒక ఇనుపగొట్టం బయటికి వచ్చి పడమటి గోడలోకి పోయింది. కాలికి సంకెల.

"విరామం అయిపోయిందా? తెండి, మింగుతాను" అన్నాడు గుటకాసురుడు. ఆ గొంతు విని కోనప్పకు జాలేసింది.

"అయ్యా, నేను తినిపించడానికి వచ్చినవాణ్ణే గానీ కొండ తేలేదు. నాలుక చాపు." బుర్రలోని తేనె ధారగా పోశాడు.

భూతం చప్పరించింది. "ఇది నాలుక మీద ఉందే, అబ్బాయ్. పన్నెండు కొండలు మింగాను, ఒక్కదాని రుచి తెలియలేదు. నోట్లో పడ్డది పడ్డట్టు ఆ గొట్టంలోకి పోతుంది. పన్నెండేళ్ళుగా ఆకలితో చస్తున్నాను. ఇంకోటి మింగు, తీరుతుంది అంటాడు ఘర్ఘరుడు."

"తీరదు. ఇప్పుడు నీ నోట్లోకి వచ్చే కొండ మీద మావాళ్ళు నలభై గడపలవాళ్ళు ఉన్నారు."

"కొండల మీద మనుషులుంటారా?" భూతం చేతులు గంతల మీదికి పోయాయి. "నాకెవరూ చెప్పలేదే. అంతకు ముందువాటి మీద?"

"వాళ్ళు ముందే దిగి దేశాలు పట్టిపోయారు. మావాళ్ళు మొండివాళ్ళు. లేచి బయటికి రా."

"సంకెల ఉంది కదా."

కోనప్ప వంగి సంకెలను చూశాడు. నకిషీ పని, నీలాలు పొదిగిన కొక్కెం. ఎక్కడో చూసినట్టుంది. రాజవీధిలో కుక్కలకు కట్టిన గొలుసులన్నీ ఇవే. పాత సంకెల అరిగితే ఘర్ఘరుడు కమ్మరిని పిలవలేదు. తన యంత్రం ఊరికే కంటుంటే కమ్మరి ఎందుకని, అందులోంచే ఒకటి తీసి తగిలించాడు.

"ఇది ఎప్పుడు వేశారు?"

"ఆరేళ్ళయింది."

"ఎప్పుడైనా లాగి చూశావా?"

"తీరిక ఎక్కడిది అబ్బాయ్? పొద్దస్తమానం మింగడమే కదా."

"ఇప్పుడు లాగు."

గుటకాసురుడు కాలు కదిపాడు. లాగనైనా లేదు. సంకెల అప్పడంలా విరిగి మూడు ముక్కలైంది. భూతం ఆ ముక్కలను తడిమి చూసుకుని, ముందు నవ్వింది, తరువాత భోరున ఏడ్చింది. ఆరేళ్ళు ఆ పూటకు విరిగేదాన్ని కాలికి పెట్టుకుని కూర్చున్నానే అని ఏడ్చింది. ఏడుస్తూనే గంతలు ఊడబీకింది, గొంతు కింది గొట్టాన్ని రెండు చేతులా పట్టి పీకి అవతల పారేసింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి "దిమ్మలు తీస్తున్నారు" అని హేలావతి కేక పెట్టింది.

ఏమైందంటే, దక్షిణం నుంచి ఉత్తరానికి, ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి తిరిగి భటనాయకుడికి చివరికి అనుమానం వచ్చింది. తోటకు పోయి చూస్తే ఉయ్యాలకు తాడు లేదు, దిండ్ల మీద రాకుమారుడు లేడు. రాకుమారుడు దిండ్ల మీద లేకపోవడమన్నది ఆ రాజ్యంలో ఎన్నడూ జరగలేదు. సంగతి ఘర్ఘరుడి చెవిని పడింది. అతను ఒక్క చూపు స్తంభం పైకి చూసి, "విరామం లేదు, మంటలు వెయ్యండి, దిమ్మలు తీయండి" అని అరిచి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనక భటులు.

హేలావతి మెట్ల మీద నిలబడి ఒక్కొక్క గొడుగే విప్పి కిందికి వదిలింది. తొమ్మిది గొడుగులు ఇరుకు మెట్ల మీద భటుల ముఖాలకు అడ్డం పడ్డాయి. ముందు ఏముందో కనిపించక ముందువాడు ఆగాడు, వెనకవాడు గుద్దాడు. భటనాయకుడు ఒక గొడుగు పట్టుకుని గాలికి ఎగిరి ఎటో పోయాడు. ఘర్ఘరుడు మాత్రం గొడుగులను చీల్చుకుంటూ పైకి వస్తూనే ఉన్నాడు.

లోపల తాడు మూడుసార్లు గుంజింది. సుకుమారసేనుడు లాగాడు. తాడు బరువెక్కినట్టనిపించింది. కిందినుంచి కోనప్ప గొంతు వచ్చింది. "బామ్మర్దీ, ఇద్దరం. లాగు. ఈయన పైకొస్తే కొండను చేతులతో ఆపుతానంటున్నాడు."

ఇద్దరా అని అడగడానికి సుకుమారసేనుడికి వ్యవధి లేదు. లాగాడు. అరిసెలు తిన్న ఒళ్ళు ఆ పూటకు అక్కరకొచ్చింది, బరువు బరువుకు సరిపోయింది. పది బారలు, ఇరవై బారలు, ముప్పై. అరచేతులు చిట్లాయి. కిందినుంచి మొదటి పొగ సన్నగా లేచి ముక్కుకు తగిలింది. నలభయ్యో బారకు జరీతాడు అయిపోయి, అడ్డతీగ ముడి దూలానికి మూరెడు దూరంలోకి వచ్చింది. అక్కడ జరీతాడు ధగధగలాడుతూ ఒక్కొక్క పోగే తెగిపోతోంది. ఒక్క మనిషి బరువని అతనే చెప్పాడు కదా.

పుట్టి బుద్ధెరిగాక సుకుమారసేనుడు ఎన్నడూ దూకలేదు. ఇప్పుడు దూకాడు. దూలం మీద బోర్లా పడి, కాళ్ళు దానికి పెనవేసి, చేతులు చాచి ముడి కింద అడ్డతీగను పట్టుకున్నాడు. అదే క్షణాన జరీతాడు ఫట్టున తెగింది. భుజాలు ఊడి వచ్చినంత పనైంది. తాడు మాత్రం చేతిలోనే ఉంది. దాని కొసన అరవై బారల కింద కోనప్ప, కోనప్ప కాళ్ళు పట్టుకుని గుటకాసురుడు ఊగుతున్నారు.

తూర్పున వెయ్యి గొలుసులు ఒక్కసారి మోగాయి. దిమ్మలు తీసేశారు. పెరలకొండ వాలు మీద కదిలింది. తూర్పు నోటి కోరలు మాత్రం కదల్లేదు, కదిలించే భూతం గాలిలో ఉంది మరి. పన్నెండేళ్ళలో ఏ కొండనూ ఆపవలసిన అవసరం రాలేదు గనక ఆపే ఏర్పాటు ఏదీ ఎవరూ చేయలేదు. కొండ మేకలతో, గుడిసెలతో, కేకలతో నగరం మీదికి దొర్లి వస్తోంది.

ఘర్ఘరుడు పైకి చేరాడు. హేలావతి అతని గడ్డం పట్టుకుని మెట్టుకు మెలేసింది. అతను తల మాత్రం అంచు మీదికి చాచి, ఎంతో ముద్దుగా మాట్లాడాడు.

"రాకుమారా, చేతులు నొప్పెడుతున్నాయి కదూ. వదిలెయ్ నాయనా. భూతం మళ్ళీ గద్దె మీద పడుతుంది, కోరలు ఆడతాయి, కొండ నలిగిపోతుంది, ఊరు నిలుస్తుంది. రేపటినుంచి అంతా మామూలే."

"మా బావ?" అన్నాడు సుకుమారసేనుడు పళ్ళబిగువున.

"ఆ కొండవాడి కోసమా నీ బెంగ? రేపు పొద్దున్నే పదిమంది బావల్ని పోతపోయించి పడమటి ద్వారం దగ్గర నిలబెడతాను. వీడికంటే పొడుగు, వీడికంటే తెలుపు. ఊరికే."

పొగ చిక్కనైంది. సుకుమారసేనుడి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళ సందుల్లోంచి రక్తం తాడు మీదికి జారుతోంది. పదిమంది బావల సంగతి అతను నిజంగానే ఆలోచించాడు, అది దాచడం ఎందుకు?

"పదిమంది వస్తే పదిమందికీ తాడు పట్టాలి కదండీ గురువుగారూ" అన్నాడు చివరికి. "నావల్ల కాదు. నాకు ఈ ఒక్కడూ చాలు."

ఇంకో జానెడు తాడు పైకి లాగాడు.